గోడ మీద అంగుళాలు

ప్రతి నెలా మొదటి గురువారం విమలకుమారి పొద్దున్నే లేచి, భర్త సుందర్ రాజ్‌కి జావ కాచి, ఆయన స్వెటరూ, వాంతి వస్తే పట్టడానికి ప్లాస్టిక్ గిన్నే, బైబిలూ ఒక సంచిలో సర్దేది. తర్వాత కారులో డ్రైవర్ సీటు మీద రెండు టెలిఫోన్ డైరెక్టరీలు వేసుకుని కూర్చుని, ఆయన్ని అరోరాలోని కేన్సర్ క్లినిక్‌కి తీసుకెళ్ళేది. పెడల్స్‌కి చెక్కముక్కలు బిగించింది సుందర్ రాజే. ఆయన మెకానికల్ ఇంజనీరు. చేతుల్లో ఇంకా సత్తువ ఉన్నప్పుడు, ఫిబ్రవరిలో చేసిన పని అది.

1984వ సంవత్సరం, అమెరికా. జబ్బు బయటపడిన రోజునే డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, ఆయన జుట్టు ఊడిపోతుంది, ఈవిడ ఎత్తు తగ్గుతుంది అని. రోగిని చూసుకునే ఇంటివాళ్ళకి అది మామూలే. కొందరికి తర్వాత తిరిగి వస్తుంది, కొందరికి రాదు. క్లినిక్ ఎదురుగా ఉన్న టైలరు కిటికీలో ప్యాంట్లు కురచ చేస్తామని బోర్డు కూడా ఉంది.

కీమో గది పక్కనున్న చిన్న గదిలో మీనా ఉండేది. ఇక్కడే పెరిగిన తెలుగుపిల్ల, నర్సింగ్ చదువుతోంది. కేన్సర్ రోగుల్ని చూసుకునేవాళ్ళ బతుకు ఎలా సాగుతోందో కొలవడం ఆమె రీసెర్చి. ముందు ముప్పై ప్రశ్నల కాగితం ఇచ్చేది. పోయిన వారం ఎన్నిసార్లు కూర్చుని భోంచేశారు? ఎన్నిసార్లు పైకి వినపడేలా నవ్వారు? తర్వాత గోడకి నిలబెట్టి, పెన్సిలుతో గీత గీసేది.

విమల ప్రతి ప్రశ్నకీ 'బాగానే ఉంది' అని టిక్కు పెట్టేది.

"ఆంటీ, పేపర్ మీద మీకు ఫుల్ మార్క్స్," అంది మీనా ఏప్రిల్‌లో. "గోడ మీద మళ్ళీ టూ ఇంచెస్ డౌన్. ఫోర్ ఎయిట్. ఎవరి హెల్ప్ అయినా తీసుకుంటున్నారా?"

"నాకెందుకమ్మా హెల్ప్? నా భర్తని నేను చూసుకోలేనా?"

చర్చివాళ్ళు వంట చేసి తెస్తామంటే వద్దంది. ల్యాబ్‌లో ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఐదడుగుల మూడంగుళాల మనిషి, పోపుల డబ్బా అందక స్టూలెక్కే స్థితికి వచ్చింది. దానికి ఆమెకి బాధ లేదు. చెప్పాలంటే కొంచెం గర్వం కూడా. ఆమెని బాధపెట్టింది పక్క గీత.

ఆ గీత శశికళది. ఆమె భర్త కృష్ణమూర్తికీ అదే జబ్బు, అదే మందు. ఇంకా ముదిరిన జబ్బు. అయినా శశికళ జనవరిలో ఐదడుగుల రెండంగుళాలు, ఏప్రిల్‌లోనూ ఐదడుగుల రెండంగుళాలే. క్లినిక్‌కి జీన్స్ వేసుకుని వచ్చేది. భర్త చేతికి సూది గుచ్చుతుంటే పక్కన కూర్చుని ఏదో చెప్పి ఆయన్ని నవ్వించేది.

"ఆవిడ వస్తే గదికే వెలుగొస్తుంది," అన్నాడు సుందర్ రాజ్ ఓ రోజు కారులో, కళ్ళు మూసుకుని.

విమల రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆయన రెండుసార్లు వాంతి చేసుకుంటే రెండుసార్లూ శుభ్రం చేసింది. రెండోసారి చేస్తున్నప్పుడు, నా గురించి ఈయన ఎవరితోనైనా ఇలా అంటాడా అనుకుంది.

శశికళ రహస్యమేమిటో తెలుసుకోవాలనిపించింది. ఒక మంగళవారం మధ్యాహ్నం, సుందర్ రాజ్ నిద్రపోతుండగా, చికెన్ సూప్ ఇచ్చే నెపంతో వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసింది కృష్ణమూర్తి. గోడ పట్టుకుని నడిచొచ్చాడు.

"రండమ్మా రండి. మా ఆవిడ లేదు. స్కేటింగ్‌కి వెళ్ళింది."

"స్కేటింగా?"

"చక్రాల బూట్లు! ప్రతి మంగళవారం రెండు గంటలు. వెళ్ళనంటుంది, నేనే గదమాయించి పంపుతా." ఎముకలు తేలిన ముఖంతో నవ్వాడు. "వచ్చి ఎన్నిసార్లు పడిందో చెప్తుంది. అది వింటే నాకు ఆ పూట అన్నం సయిస్తుంది."

విమల సూప్ అక్కడ పెట్టేసి నేరుగా స్కేటింగ్ రింక్‌కి వెళ్ళింది. గాజు తలుపులోంచి చూసింది. లోపల పాటలు హోరెత్తుతున్నాయి. శశికళ కమ్మీ పట్టుకుని ఓ చుట్టు, వదిలేసి ఓ చుట్టు తిరుగుతోంది. జడ ఊడిపోయింది. పడింది. పడి, నేల మీదే కూర్చుని పకపకా నవ్వింది.

విమల తలుపు తియ్యకుండానే వెనక్కి తిరిగింది. శశికళ ఎత్తు చూసి అసూయపడుతూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇప్పుడు, గదమాయించి పంపే ఆ భర్తని చూసి.

ఆ శనివారం తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో పులిహోర వడ్డించుకుంటూ, పక్కన నిలబడ్డావిడతో చాలా మామూలుగా అంది: "పాపం కృష్ణమూర్తిగారు ఇంట్లో ఒక్కరే గోడలు పట్టుకుని నడుస్తున్నారు. ఆవిడేమో స్కేటింగ్ రింక్‌లో పాటలకి తిరుగుతోంది. నా కళ్ళతో చూశాను."

ఒక్క అబద్ధం లేదు అందులో. మాట వారం తిరక్కుండా వాళ్ళుండే నేపర్‌విల్ దాటింది. శశికళకి ఫోన్లు వచ్చాయి. కొందరు జాలిగా, కొందరు దేవుడి పేరు చెప్పి బుద్ధి చెప్పారు.

మే నెలలో శశికళ గోడకి నిలబడితే నాలుగడుగుల ఆరంగుళాలు.

మీనా టేపు రెండుసార్లు వేసి చూసి, కాగితం మీద రాసుకుంది. తర్వాత విమలని కొలిచి ముఖం విప్పార్చుకుంది. "ఆంటీ! ఫోర్ నైన్! వన్ ఇంచ్ పెరిగారు! ఏం చేస్తున్నారో అదే చేస్తూ ఉండండి."

ఆ అంగుళం ఎక్కడ్నించి వచ్చిందో విమలకి తెలుసు. ఇంటికొచ్చి పోపుల డబ్బా అందుకోబోతే, స్టూలు లేకుండానే వేలి కొసలకి తగిలింది. చేయి వెనక్కి తీసుకుంది. ఆ పూట పోపు లేకుండానే పప్పు పెట్టింది.

జూన్ మొదటి బుధవారం ఫోన్ మోగింది. కృష్ణమూర్తి.

"అమ్మా, రేపు మమ్మల్ని కూడా మీ కార్లో తీసుకెళ్ళగలరా? శశి కాలు బ్రేక్‌కి అందట్లేదు. పోయిన వారం రక్తపరీక్ష కూడా మిస్ అయ్యాను."

"ఎవర్నీ అడగలేదా అన్నయ్యగారూ?"

"అడగనివ్వట్లేదమ్మా. మొహం చూపించలేనంటుంది. స్కేటింగూ మానేసింది. ఇంట్లో మాటే లేదు."

గురువారం నలుగురూ కలిసి వెళ్ళారు. భర్తలిద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి సూదులు పెట్టాక, ఆడవాళ్ళిద్దరూ బయటికొచ్చి పార్కింగ్ లాట్‌లోని బెంచీ మీద కూర్చున్నారు. శశికళ పాదాలు నేలకి అందలేదు. విమల తన చెప్పుల వంక చూస్తూ అంది, "ఆ మాట పుట్టించింది నేనే."

"తెలుసు. రింక్ తలుపు దగ్గర మిమ్మల్ని చూశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏం చెప్పను? మీరన్నది నిజమే కదా." శశికళ విమల వైపు తిరిగింది. "విమలగారూ, నేను మంచిదాన్నని అనుకోకండి. మిమ్మల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు అంగుళం అంగుళం తరిగి పొట్టిగా అయిపోతున్నారు, దాని ఫలితంగా మీ ఆయన బతుకుతారు. నేను ఎంత తరిగినా మా ఆయన బతకడు. డాక్టర్లు మార్చిలోనే చెప్పేశారు."

విమల చెప్పుల మీంచి చూపు తీసి ఆమెని చూసింది. అప్పుడు అంది, "మంగళవారాలు నేనొచ్చి అన్నయ్యగారి దగ్గర కూర్చుంటాను. మీరు వెళ్ళండి."

"జనం?"

"నేను కూర్చుంటే జనం ఏమంటారు? ఏమన్నా అంటే నేను చెప్తాను."

అలా ఆ వేసవంతా సాగింది. సుందర్ రాజ్ కోలుకుని ఒంటిపూట ఆఫీస్‌కి వెళ్తున్నాడు. మంగళవారం మధ్యాహ్నాలు విమల కృష్ణమూర్తి మంచం పక్కన కుర్చీ వేసుకునేది. ఆయన మాట్లాడగలిగినంత కాలం మాట్లాడాడు. శశికళ అన్నం మాడ్చిన కథలు, మంచులో కారు ఇరికించిన కథలు, అన్నీ ఆమె గురించే. విమల వినేది. వింటూ లోపల కుళ్ళుకునేది కూడా. అది పోలేదు. అయినా మంగళవారం మానలేదు. శశికళ మెల్లగా నాలుగడుగుల పదకొండు దాకా వచ్చింది. బ్రేక్ అందింది.

సెప్టెంబరు రెండో మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి కృష్ణమూర్తి నిద్రలోనే పోయాడు. ఏమీ అనలేదు. ఎవరి కోసమూ కళ్ళు తెరవలేదు. ఒక శ్వాస తీసుకుని, రెండోది తీసుకోలేదు. అంతే.

విమల రింక్‌కి ఫోన్ చేసింది. పాట ఆపి, మైకులో శశికళ పేరు పిలవడం ఫోన్లోంచి ఆమెకి వినిపించింది.

పావుగంటలో శశికళ మేజోళ్ళతోనే ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. మంచం చూసింది. గడపలోనే ఆగిపోయింది. విమల కళ్ళముందే ఆమె తరగడం మొదలైంది. జీన్స్ అంచులు పాదాలని కప్పేశాయి. చొక్కా చేతులు వేళ్ళు దాటాయి. ఇలా దగ్గర లేకుండా పోగొట్టుకున్నవాళ్ళు తరుగుతూనే పోతారనీ, ఒక్కోసారి చంటిపిల్లల బట్టలు వేయాల్సి వస్తుందనీ మీనా ఒకసారి చెప్పింది.

"నన్ను అడిగారా?" అంది శశికళ. గొంతు కూడా చిన్నదైపోయింది. "నా కోసం చూశారా? నేను అక్కడ గిరగిరా తిరుగుతుంటే..."

"అడిగారు," అంది విమల.

శశికళ తలెత్తింది.

"రెండుగంటలప్పుడు కళ్ళు తెరిచారు. 'ఈపాటికి ఎన్నిసార్లు పడుంటుంది మా శశి' అన్నారు. నవ్వారు. ఆ నవ్వుతోనే మళ్ళీ పడుకున్నారు."

"నిజంగా?"

"నా ఎదురుగా అన్నారు. నా చెవులతో విన్నాను."

తరగడం ఆగింది. విమల భుజం దగ్గర ఆగింది. శశికళ పొడుగైపోయిన చొక్కా చేతులు పైకి మడుచుకుని, మంచం దగ్గరకెళ్ళి, భర్త నుదుటి మీద చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చింది.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. విమల కాఫీ కలుపుతుంటే, ముందుగదిలో శశికళ వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పడం వినిపించింది. పోయే ముందు నన్నే తలుచుకున్నారట, ఎన్నిసార్లు పడ్డానో అని నవ్వారట, విమలగారు దగ్గరే ఉన్నారు. స్కేటింగ్ గురించి ఫోన్ చేసి బుద్ధి చెప్పినావిడ కూడా కళ్ళొత్తుకుంది.

విమల చెంచా తిప్పుతూ నిలబడింది. ఆ మాట తను అల్లింది అరక్షణంలో. ఆయన ఎప్పుడూ అనే మాటే గనక వెతుక్కోవలసిన పనే లేకపోయింది. విన్నవాళ్ళలో ఒక్కరూ అనుమానపడలేదు. తన అబద్ధాన్ని ఇంత తేలిగ్గా నిజం చేసే భర్త శశికళకి దొరికాడు. ఆ క్షణంలో కూడా విమలకి ఆమెని చూస్తే అసూయగానే ఉంది.

మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ రోజూ తీసుకోలేదు, ఆ తర్వాత ఎన్నడూ తీసుకోలేదు.