మూడో బర్నర్

ఆదివారం పొద్దున్నే కోడలు పెరట్లో మాంసం ముక్కలు కాల్చుకునే గ్యాసు గ్రిల్ విప్పదీస్తుంది. మిగతా ఆరు రోజులూ ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్లు చేసే మనిషి. ఏడో రోజు కూడా ఏదో ఒకటి అరగదీయకపోతే చేతులకి తోచదు. జాలీలు ఇత్తడి బ్రష్షుతో రుద్దుతుంది. గొట్టాల్లాంటి బర్నర్లకున్న చిల్లుల్లో సన్నటి తీగ పెట్టి తుప్పు రాలుస్తుంది. కింద జిడ్డు పళ్లెం గీకి, అన్నీ ఎండలో ఆరబెట్టి, పల్చగా నూనె పట్టిస్తుంది. రెండు గంటల చాకిరీ. ఇంత చేసినా వారం తిరిగేసరికి ఎర్ర మచ్చ ఎక్కడో ఓ చోట మొహం చూపిస్తుంది.

ఒకప్పుడు గొప్పింటి సరుకే అది. బరువైన మూత, నాలుగు బర్నర్లు. ఇల్లు మారుతూ ఓ పెద్దాయన అమ్మాడు. ఏదీ దాచలేదు పాపం.

“తుప్పు పడుతుందమ్మా. కాస్త తడి తగిలినా చాలు. ఇంకోటి, ఎంతమంది తింటారో అన్ని బర్నర్లే వెలుగుతాయి. ఐదో మనిషి వస్తే మాత్రం సర్దుకోవాలి.”

“దీనికి కవరుందాండీ?” అని అడిగింది కోడలు.

లేదన్నాడు. ఆమెకి నచ్చనిది అదొక్కటే.

ఇంట్లో ఉండేది ముగ్గురు. బస్సు నడిపే భర్తకి సెలవైతే మూడు మంటలు, డ్యూటీ ఉంటే రెండు. అత్తగారు ముందు మంటలు చూసి, తర్వాతే ముక్కలకి ఉప్పూ మిరియాలూ పట్టించేది.

పోయిన వారం మాత్రం కోడలి పరువు పోయింది. పళ్లకి మెరుపు తెచ్చే పొడి ల్యాబు నుంచి పట్టుకొచ్చి బర్నర్లన్నీ తళతళలాడేలా తోమింది. ఆ పొడి కాస్తా చిల్లుల్లోకి దూరి గడ్డకట్టింది. తిన్నది ముగ్గురు, వెలిగినవి రెండు. “మా కోడలు గ్రిల్‌కి కూడా పళ్లు కట్టిందమ్మా!” అని అత్తగారు మేడమీద దర్జీ ఆవిడకి వారమంతా చెప్పి చెప్పి నవ్వింది. కోడలికి ఒళ్లు మండింది.

ఈ ఆదివారం ఒక్కో చిల్లూ తీగతో పొడిచి, వెలుతురులో పెట్టి చూసుకుని మరీ బిగించింది. ముట్టించింది. రెండే వెలిగాయి.

“మళ్లీనా!” అని భర్త పకపకా నవ్వాడు. కాసేపటికి, కాలిన మొక్కజొన్న పొత్తొకటి తీసుకుని కొరకడం మొదలుపెట్టాడు.

“పోనీలే అమ్మాయ్, తుప్పుముండాది. మీరిద్దరూ కానివ్వండి. నేను కాసేపు నడుం వాలుస్తాను” అంటూ అత్తగారు కుర్చీలోంచి లేచింది.

కోడలు వినిపించుకోలేదు. తీగ పుచ్చుకుని మూడో బర్నర్ మీదికి వంగింది. అంతలో దర్జీ ఆవిడ పైనుంచి తొంగిచూసి, “నాకూ ఓ పొత్తు పెట్టండి!” అంది. మూడో బర్నర్ భగ్గున వెలిగింది. “అబ్బే, ఊరికే అన్నాలెండి. ఇప్పుడే తిన్నాను” అందామె. మంట ఆరిపోయింది.

అయితే బర్నర్‌కి ఏ రోగమూ లేదు. భర్త ఎదురుగానే ఆవురావురుమంటూ తింటున్నాడు. తనకీ ఆకలి దంచేస్తోంది. కోడలు తలెత్తి గుమ్మం వైపు చూసింది. అత్తగారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మంటలు రెండే వెలిగినా ఒక్క వేళాకోళం ఆడలేదు ఈ పూట. అప్పుడు వేసింది కోడలికి భయం.

“అత్తయ్యా, మీరు తినరా?”

“సయించడం లేదే. పొద్దుట్నించీ దవడ లాగుతోంది. నువ్వు చేసిన పళ్ల సెట్టు కాస్త బిగుతైనట్టుంది. వారమంతా నిన్ను ఆడిపోసుకున్నానా, మళ్లీ ఇది కూడా అంటే నొచ్చుకుంటావని ఊరుకున్నాను.”

“ఏదీ, తియ్యండి.”

అత్తగారు సెట్టు తీసి కోడలి చేతిలో పెట్టింది. కోడలు చిగుళ్లు వేలితో తడిమి చూసింది. ఎక్కడా ఒరుసుకున్న జాడ లేదు.

“ఇప్పుడు తగ్గిందా?”

“లేదే. భుజం దాకా లాగుతోంది.” నుదుటి మీద చెమట. నీడలో ఉన్న మనిషికి అంత చెమటేమిటి!

“ఏమండీ, కారు తియ్యండి! అత్తయ్యకి గుండె...” అని కేకేసింది కోడలు.

భర్త పొత్తు పారేసి తాళాల కోసం పరిగెత్తాడు. వెలుగుతున్న రెండు మంటలూ ఒక్కసారే ఆరిపోయాయి.

“సిలిండర్ నేను కట్టేస్తాను, మీరు కదలండి!” అంటూ దర్జీ ఆవిడ దబదబా మెట్లు దిగివచ్చింది.

సమయానికి తెచ్చారన్నాడు డాక్టరు. ఇంట్లో పడుకోనిచ్చి ఉంటే ఆ నిద్రలోంచి లేచేది కాదన్నాడు. కోడలు ఆసుపత్రి బల్ల మీద కూలబడి, పళ్ల సెట్టు గుప్పిట్లో పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది.

గ్రిల్ మీద ముక్కలు సగం పచ్చిగానే ఉండిపోయాయి. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.