ఓడ తాళ్లు

"మాసిన గుడ్డ చూసెటందుకు ఇంట్ల నీ చీరలు చాలవా?"

నేను గంజి వంచుతున్నాను. మా ఆయన రామచంద్రయ్య, కొల్లాపూర్ బడిలో చెక్కపని నేర్పే మాస్టరు, తన బొమ్మ యుద్ధనౌకకు తెరచాపలు చేయడానికి నా పెండ్లి పట్టురవికను కత్తిరిస్తున్నాడు. యుద్ధానికి పోయిన ఓడ గుడ్డలు ఎండకూ వానకూ మాసి ఉంటాయి గదా, ఎర్రపట్టెందుకని అడిగినందుకు ఆ జవాబు. పట్నంలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనకు పోయే బొమ్మ చూడముచ్చటగా ఉండాలట. ఆయనకు పెండ్లామైనా అంతే. సార్లెవరైనా వస్తే మంచి చీర కట్టుకొని, చాయ్ ఇచ్చి, లోపలికి పోవాలి.

సముద్రం నేనూ చూడలేదు, ఆయనా చూడలేదు. ఇద్దరికీ తెలిసింది బడి పుస్తకంలోని ఒక్క బొమ్మే. కాని నాకు తాడు తెలుసు. మా బాపు గొర్లమందలో పెరిగి ఉన్ని వడికినదాన్ని. ఆయన గోనెసంచి దారంతో ఓడకు తాళ్లు కడితే, నేను వేలి కణుపంత మట్టిమనిషిని చేసి దాని మీద నిలబెట్టాను. తాడు వాడి తొడంత లావుంది.

"గింత లావు తాడును వాడెట్ల గుంజుతడు?" అన్నాను.

"గవన్నీ ఎవడు చూస్తడే," అని నవ్వాడు. తర్వాత తాళ్లు విప్పి నా ముందు పడేశాడు. "నువ్వే కట్టు మల్ల."

కట్టాను. సవరానికని దాచుకున్న నా వెంట్రుకలు పేని, వంటకూ అంట్లకూ నడుమ నాలుగు నెలలు, రెండు వందల ముడులు వేశాను. గొర్రెపిల్లను గుంజకు కట్టే ముడి అది. ఎంత గుంజినా మెడకు బిగుసుకోదు, జారిపోదు. కళ్లు భగభగ మండేవి. ఆయన ఓడ అంచులకు బంగారు రంగు పూసి, వచ్చినవాళ్లందరికీ "నేను చేసిన" అని చూపుకునేవాడు. ఆ తాళ్లు నావని ఒక్కరికైనా తెలియాలని ఎంత ఆశగా ఉండేదో! అత్త హనుమమ్మతో అంటే, "ఆడదానివి, నీకు పేరెందుకే బీరమ్మా? వాని పేరు నీది గాదా?" అంది.

ఆదివారం నాడు నుమాయిష్‌కు బొమ్మలు ఏరే పెద్దాయన వచ్చాడు. ఓడల మీద కొలువు చేసి దిగినవాడట. పట్టు తెరచాపలు చూసి మూతి విరిచాడు.

"గిదేంది మాస్టరూ, పెండ్లి పల్లకి లెక్కుంది!"

తర్వాత వంగి తాళ్లను చాలాసేపు చూశాడు. "తాళ్లు మాత్రం నిజం ఓడయే. తారు పూసినట్టు నల్లగ, గంత సన్నగ. గీ తాళ్ల కోసమే దీన్ని తీసుకపోత. ఎవరు కట్టిన్రు?"

చాయ్ పట్టుకొని గడపలో నిలబడ్డాను. మా ఆయన నా వైపు చూశాడు. చూస్తూనే అన్నాడు.

"నేనే సార్. నాలుగు నెల్లు కండ్లు పోగొట్టుకున్న."

ఆ కండ్లు నావి. అవి కూడా తీసుకున్నాడు.

"జర ఆ ముడి ఒకసారి వేసి చూపియ్యిండ్రి, నేర్చుకుంట," అన్నాడు పెద్దాయన.

మా ఆయన దారం తెమ్మంటే తెచ్చి ఇచ్చాను. ఆయన వేళ్లు దాన్ని అటు తిప్పాయి, ఇటు తిప్పాయి. చెమట పట్టింది. చూపులతోనే నన్ను బతిమాలుకున్నాడు. ఆయనకు చెయ్యి నొస్తుందని నేనొక్క మాట అంటే ఆయన పరువు దక్కేది. ఇన్నేళ్లూ అట్లాగే దక్కించాను.

పరాయి మగవాళ్ల ముందు ఎన్నడూ కూర్చోనిదాన్ని, పీట లాక్కొని పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"చూపియ్యిండ్రి," అన్నాను మా ఆయనతో. "నేను గూడ చూస్త."