సున్నా కోసం రెండున్నర నిమిషాలు

"అరవకే తల్లీ! ఇదేమన్నా మీ స్కూలు ఫుట్‌బాల్ మ్యాచా? ఇక్కడ పాట ఉంటుంది. అంకెలు మనసులో లెక్కపెట్టుకో," అని కసిరింది బ్రిన్లీ.

డెల్లా ఒకటి నుంచి ఎనిమిది దాకా, మళ్లీ ఒకటి నుంచి, మనసులోనే లెక్క అందుకుంది. స్కూలు చీర్‌లీడర్ల గుంపులోంచి వచ్చి ఈ ఆల్‌స్టార్ చీర్ జట్టులో చేరి మూడు నెలలే. ఇక్కడ ఇంకో జట్టుకి జేజేలు కొట్టే పని లేదు, పోటీ పడేది తామే. రెండున్నర నిమిషాలు పల్టీలు, గెంతులు, మనుషుల మీద మనుషులు. పైకి ఎగిరే బ్రిన్లీని వెనకనుంచి కాసుకోవడం డెల్లా బాధ్యత.

ఈ ఆటలో సున్నా వస్తే పండగే. తప్పులకి ఒక్క మార్కూ కోత పడలేదన్నమాట. ఇవాళ డాలస్‌లో సున్నా వస్తేనే ఫైనల్స్. జట్టులో బ్రిన్లీకి ఇదే ఆఖరి ఏడాది.

కోచ్ లోర్నా పాట ఉన్న తన ఫోనుని సౌండు బల్లకి తగిలించింది. పాట పేలింది. ఇరవైమంది అమ్మాయిలు నీలం మ్యాట్ మీద సుడిగాలిలా తిరిగారు. మొదటి పల్టీలు, శభాష్! గాల్లోకి విసుర్లు, శభాష్! ఇక పిరమిడ్. బ్రిన్లీ అందరికన్నా పైన ఒంటికాలి మీద నిలబడింది.

పాట ఆగిపోయింది.

హాలంతా దద్దరిల్లేలా ఫోను రింగు మోగింది. లోర్నా ఫోనే! తప్పు తమదే కనక మళ్లీ మొదలెట్టనివ్వరు. కింద కాళ్లు తడబడ్డాయి. పైన బ్రిన్లీ ఊగింది.

డెల్లా ఆమె మీంచి చూపు తిప్పలేదు. కడుపులోంచి గొంతు లేచింది.

"ఐదు! ఆరు! ఏడు! ఎనిమిది!"

ఇరవై గుండెలూ ఒక్క లయకొచ్చాయి. "ఒకటి!" అనగానే బ్రిన్లీ గిర్రున రెండు చుట్లు తిరిగి కిందికి దూకింది. డెల్లా చేతులు చంకల కింద పట్టేశాయి. జనం కూడా లేచి అంకెలు అందుకున్నారు. చివరి ఎనిమిది దాకా హాలే వాళ్లకి పాటైంది.

తెర మీద కోత మార్కులు పడ్డాయి: సున్నా.

"ఒసేయ్ మైకూ! ఫైనల్స్‌లో కూడా అరుస్తావా?" బ్రిన్లీ ఏడుస్తూ, నవ్వుతూ డెల్లా మెడకి వేలాడింది.

ఫోను మళ్లీ మోగింది. లోర్నా ఎత్తి, విని, తల పట్టుకుంది.

"ఇందాకా, ఇప్పుడూ మా అమ్మే. ఇంకా మొదలెట్టలేదా అంటోంది!"