నల్లదారం కట్టిన కొన

ప్రశాంతి చేతులు మణికట్టుదాకా చికెన్‌లో ఉన్నాయి. ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తుంటే హాల్లోంచి మొగుడి నవ్వు వినపడింది.

"చూసిన్రా రవికిరణ్ గారూ, మా ఇంట్ల రేడియోకు గూడ దిష్టితాడు కడ్తరు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అది ముట్టకుండ్రి, నేనొస్తున్న" అని కేకేసింది.

"నువ్ కూర జూస్కో. ఇది నేను జూస్త."

మొగుడు మహేశ్ హైటెక్ సిటీలో కొత్తగా లేచిన టవర్‌లో ప్రోగ్రామర్. రవికిరణ్ అతని పక్క సీటు. ప్రశాంతిదేమో జీడిమెట్లలో చిన్న కంపెనీ, సర్క్యూట్ బోర్డుల మీద టంకం పెట్టే పని, ఎనిమిదేళ్ల నుంచి. "టంకమంటే కూలిపనే గదా" అని అత్తగారింట్లో ఒకసారి అన్నాడు మహేశ్. అన్నవాడు మరిచిపోయాడు.

ఆ రేడియో ప్రశాంతి పుట్టినూళ్లో పంచాయతీ ఆఫీసుది. ఊరికింకా కరెంటు రాని రోజుల్లో ఇటుకంత బ్యాటరీతో పలికేది. మగవాళ్లు అరుగు మీద కూర్చుని వినేవాళ్లు. అమ్మ సక్కుబాయి వంటి ఆడవాళ్లు గోడవతల జొన్నలు చెరుగుతూ, చేట చప్పుడు కాకుండా చెరుగుతూ వినేవాళ్లు. కరెంటొచ్చాక దాన్ని మూలన పడేస్తే, పంచాయతీలో నౌకరీ చేసే నాయన ఇంటికి తెచ్చాడు. తెచ్చి అటక మీద పెట్టి, "ముట్టకు, నీ చెయ్యి పడితే ఖరాబైతది" అన్నాడు. పలకని రేడియో ఇంకేం ఖరాబవుతుందని అమ్మ అడగలేదు. నాయన పోయి పదేళ్లయినా ముట్టలేదు. పోయిన బతుకమ్మకు మాత్రం, పూలు పేరుస్తూ, "ఒక్కపారి నా చేత్తోని తిప్పాల్నని ఉండె బిడ్డా" అంది.

అందుకే ప్రశాంతి దాన్ని శేరిలింగంపల్లి కిరాయింటికి మోసుకొచ్చింది. కోఠిలో వెతికి వెతికి మాడిన గాజుబుడ్డి వాల్వుకు బదులు ఇంకోటి తెచ్చింది. పనికి పోయి, వండి, తోమి, మిగిలిన ఆదివారాల్లో ఎనిమిది నెలలు కూర్చుంది. పాత బ్యాటరీ ఇప్పుడెక్కడా దొరకదు. తొమ్మిది ఓల్టుల చిన్న బ్యాటరీలు పది వరసగా కలిపి ఒక కట్ట కట్టింది. వాల్వుల లోపలి తీగలకు మాత్రం ఒక్క టార్చి సెల్లు చాలు. వెంట్రుకకన్నా సన్నం ఆ తీగలు, కట్ట కరెంటు తగిలితే రెప్పపాటులో మాడిపోతాయి. రెండు జతల వైర్లూ ఒకే తీరున ఉన్నాయని కట్ట వైపు వాటి కొసలకు నల్లదారం ముడేసింది. మహేశ్‌కు రెండుసార్లు చెప్పింది. క్రికెట్ చూస్తూ ఊఁ అన్నాడు. నిన్న ఒక్క నిమిషం పలికించి, మిగతాది అమ్మ తిప్పాలని వైర్లు విప్పి పెట్టింది. పొద్దున్నే అమ్మ బస్సు దిగింది. వంటయ్యాక తిప్పిస్తానంది ప్రశాంతి. వంట ఎప్పుడైంది కనుక.

నల్లా తిప్పితే నీళ్లు లేవు. బకెట్లో చెంబు ముంచేలోపు కత్తెర చప్పుడైంది.

"ఈ దారాలు దీసేస్తే మంచిగ కనపడ్తది."

"ఆగుండ్రి—"

కారం చేతులతోనే పరుగెత్తింది. గడప దగ్గరికి వచ్చేసరికి మహేశ్ సెల్లుకు పెట్టాల్సిన వైర్లను కట్టకు తగిలించాడు. నాలుగు గాజు బుడ్లూ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. పెళ్లి ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినట్టు, అంతే. తర్వాత ఏమీ లేదు. గరగర కూడా లేదు.

మహేశ్ రెండుసార్లు మీట తిప్పి చూశాడు. "లోపల ఏదో షార్టున్నది. పాత సామాను, నేను ముందే జెప్పిన."

"పోనీలెండి, షోకేసులో పెడితే బాగుంటుందండి" అన్నాడు రవికిరణ్.

నల్లదారం తుంపులు నేలమీద ఉన్నాయి. ప్రశాంతి వాటినే చూసింది. చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఎవరికి చెప్పాలి?

"కూర అయితున్నదా?" మహేశ్ అడిగాడు.

గోడవారగా, రేడియోకు బారెడు దూరంలో కూర్చున్న సక్కుబాయి గబగబా రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"నేను ముట్టలె బిడ్డా" అంది.