తోమేసిన పేరు

ఆ చెంబును మీ అమ్మ ఒక్కతే తోమలేదు జయంత్, నువ్వూ తోమావు. హారిసన్‌లో మన ఇంటికి వ్రతానికొచ్చి, పీటల మీద మనిద్దర్నీ చూసి మురిసిపోయిన ఆంటీలూ అంకుల్సూ తలా ఒక చెయ్యి వేశారు. పులిహోర తిన్న చెయ్యి కడుక్కున్నంత తేలిగ్గా ఆ తప్పు వదిలించుకుందామనుకుంటున్నారేమో. నేను వదలను.

నా స్టూడెంట్ వీసా మీద డిపెండెంట్‌గా ఆస్ట్రేలియాలో దిగినవాడివి నువ్వు. అప్పుడు నా హెరిటేజ్ కన్సర్వేషన్ మాస్టర్స్ గొప్ప చదువు. తర్వాత మీ ఆఫీసువాళ్లు స్పాన్సర్ చేశారు, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. వచ్చిన రోజునుంచీ అదే చదువు పాత సామాన్ల కోర్సు అయిపోయింది. "ఇంకా యూనివర్సిటీకి ఎందుకే? ఇంట్లోనే బోలెడు పాత సామానుంది, అమ్మతో సహా" అన్నావు. అత్తయ్య కూడా నవ్వింది.

థీసిస్ ఒక్కటే మిగిలింది. అది ఆ రాగి చెంబు మీదే. నూరేళ్ల కిందట ఇక్కడి పొలాల వెంట బట్టల మూట మోసుకు తిరిగి అమ్ముకున్న మనిషిది. ఒక చిన్న ఊరి మ్యూజియం నడిపే ముసలావిడ నమ్మి నా చేతిలో పెట్టింది. దాని మీద కత్తిమొనతో పైపైన గీసిన గీతలేవో అక్కడివాళ్లకి అర్థం కాలేదు. నాకయ్యాయి. తెలుగక్షరాలు! "చిన" వరకే కనబడేది, మిగతా పేరంతా మసి కింద. ఆ మసిని ల్యాబ్‌లో పొర పొరగా తియ్యాల్సింది. అతని పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

నిన్న, శుక్రవారం, మ్యూజియం నుంచి తీసుకొచ్చాను. ల్యాబ్ మూసేలోపు అప్పగించాలి, మన పాప గీతికని ఒక్కసారి స్కూల్నించి తీసుకురమ్మని ఫోన్ చేశాను. "మీటింగ్‌లో ఉన్నా. నీ చెంబుకి సోమవారం రాదా?" అని పెట్టేశావు. అలా ఇంటికొచ్చింది చెంబు. ముట్టుకోవద్దని అత్తయ్యకి చెప్పి మరీ కప్‌బోర్డ్‌లో పెట్టాను.

ఇవాళ శనివారం, పీఆర్ వచ్చినందుకు సత్యనారాయణ వ్రతం. తెల్లారకముందునుంచీ నాకు వంటే. పట్టుచీర చుట్టుకుని నీ పక్కన కూచున్నాకే చూశాను. బియ్యం మీద కలశం. తళతళా మెరుస్తున్న చెంబు, పసుపూ కుంకుమా, మీద కొబ్బరికాయ.

"రాగి చెంబు ఇంట్లో ఉంచుకుని కలశానికి స్టీలుది పెడతామా సృజనా? చింతపండూ స్టీలు పీచూ వేసి రుద్దా. ఎంత నలుపో తల్లీ!" అంది అత్తయ్య.

"కొత్తదానిలా ఉందండీ" అని శ్యామసుందరి ఆంటీ.

"అమ్మా, ఇట్స్ సో షైనీ!" అని గీతిక.

నువ్వు నా మోచెయ్యి నొక్కి, "సీన్ చెయ్యకు. ఇదీ మంచికే, ఇంక ఆ థీసిస్ మానెయ్" అన్నావు.

కొబ్బరికాయ తీసి పక్కన పెట్టాను. నీళ్లు పళ్లెంలో వంపేశాను. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఒక్క గీత లేదు. "చిన" కూడా లేదు.

"అపచారం!" అంది అత్తయ్య. అవును, అపచారమే.

థీసిస్ నేను మానను. ఆ పేరు ఎలా పోయిందో, ఎవరు పోగొట్టారో అదే రాస్తాను. నువ్వు మాత్రం పీటల మీంచి లే జయంత్. రేపు ఆదివారం, మ్యూజియం తెరిచే ఉంటుంది. కారు నువ్వే నడుపు. ఆ ముసలావిడ ముందు నిలబడి నీ నోటితో నువ్వే చెప్పు. "నా భార్య చదువంటే లెక్కలేక ఒక మనిషి పేరు చెరిపేశాం" అని మొదలుపెట్టు. నేను పక్కనే ఉండి వింటాను.