ఆపరేషన్ పిలగాడు

లాల్‌గడి మలక్‌పేట్‌లో అంగన్‌వాడీ టీచరుగా నాకిది పదకొండో ఏడు. పసిపిల్లలంటే నాకు ప్రాణం. ఒళ్లు మండేదల్లా పెద్దవాళ్లతోనే. ఆ పెద్దవాళ్లలో మొదటి పేరు దుర్గాబాయిది.

ఆమె మనవడు చింటుకు పది నెలలు. కోడలు రోజారాణి పొద్దున్నే మందుల కంపెనీ బస్సెక్కితే మళ్లీ రావడం సాయంత్రానికే. పిల్లవాడి ఆలనాపాలనా అంతా నాయనమ్మదే. నేను వాణ్ని తూకం వేయడానికి వెళ్లిన ప్రతిసారీ ఆమెది ఒకటే పాట. పక్కింటి ఓదెలు మనవడు నార్మల్ కాన్పులో పుట్టాడట, అప్పుడే చప్పట్లు కొడుతున్నాడట. చింటు ఆపరేషన్ పిల్లవాడు కాబట్టి మెదడు మందగించిందట. కోడలు నొప్పులు ఓర్చుకోలేక కడుపు కోయించుకుందట. ఇవన్నీ రోజారాణి ఇంట్లో ఉన్నా సరే అనేది. ఆ పిల్ల తల దించుకుని తన పని తాను చేసుకునేది. ఒక్కసారైనా ఎదురు చెప్పదేమని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చేది.

మొన్న రోజారాణికి సెలవున్న రోజు చూసి వెళ్లాను. చింటుకు గిలక్కాయ చూపించి, వాడి కళ్లెదుటే దస్తీ గుడ్డ కింద దాచాను. ఈ వయసు పిల్లలు చాలామంది దస్తీ లాగి వెతుక్కుంటారు. చింటు దస్తీని చూశాడు, నన్ను చూశాడు, ఊరుకున్నాడు.

"ఆపరేషన్‌తోనేనా టీచర్?" అని రోజారాణి అడిగింది.

మా డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. కోత కాన్పుకూ తెలివికీ ఏమాత్రం సంబంధముందో పెద్ద చదువులవాళ్లే ఇంకా తేల్చలేదని, దాన్ని పట్టుకుని ఒక పిల్లవాడి సంగతి చెప్పలేమని, వచ్చే నెల మళ్లీ చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని. ఇంతకీ వాడితో ఎవరైనా ఆడతారా అని అడిగాను. మెదడు అలసిపోతుందని ఎవరినీ దగ్గరికి రానివ్వనని, తనూ ఎక్కువ మాట్లాడనని దుర్గాబాయి గొప్పగా చెప్పింది. వాడు రోజంతా ఊయలలోనేనట.

నాకు తిక్క రేగింది. ఆపరేషన్ ఎందుకు చేశారో పెద్దాసుపత్రిలో మొదట అడుగుతారు, అబద్ధం చెబితే వైద్యం తప్పుదారి పడుతుంది, ఆలోచించుకుని నిజం చెప్పమని దుర్గాబాయితో అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దానికి నొప్పులే రాలె టీచరమ్మా. కాన్పుకు ఇంక పద్దెనిమిది దినాలుండె. ముహూర్తం మంచిగున్నదని నేనే జల్దీ కోయిపిచ్చిన."

ఆ ఘడియలో పుట్టినవాడు అందరికంటే తెలివైనవాడవుతాడని ముహూర్తం పెట్టిన పంతులు చెప్పాడట.

నేను దుర్గాబాయిని వదిలేసి రోజారాణి మీద విరుచుకుపడ్డాను. చేయని తప్పు ఇన్నాళ్లూ నెత్తిన ఎందుకు పెట్టుకున్నావని నిలదీశాను. ఆమె అత్త వైపు తిరిగింది.

"తప్పు నీదంటే నువ్వు వాని మొఖమెట్ల సూస్తవు అత్తమ్మా? నేను డ్యూటీకి పోయినంక వానికున్నది నువ్వే గదా. అందుకే నేనే మాటలు పడ్డ."

దుర్గాబాయి కుమిలి కుమిలి ఏడ్చింది. తర్వాత చింటును ఒళ్లోకి తీసుకుని, నాకు తెలిసి మొదటిసారి, వాడితో మాట్లాడింది.

"మీ అమ్మ మస్తు మంచిదిరా," అంది.

వాడు కళ్లార్పకుండా ఆమె పెదాలనే చూస్తూ ఉండిపోయాడు.