కళ్ళకద్దుకున్న తుపాకీ

"మీ వదిన తుపాకీకి దణ్ణం పెట్టి ఫెయిలయిందిరా" అని మా ఆయన యోగానంద్ చెప్పడం ఈ శనివారానికి ఇది మూడోసారి. టేబుల్ చుట్టూ కూర్చున్న స్టూడెంట్లు నవ్వారు. పెనం మీద అట్టు తిరగేస్తూ నేనూ నవ్వాను. నవ్వకపోతే అలిగానంటాడు.

జనవరి ఇన్‌టేక్‌లో కాలేజీల్లో చేరడానికి కెనడా వచ్చి, మా విన్నిపెగ్‌లో దిగిన తెలుగు పిల్లలు గది దొరికేదాకా మా బేస్‌మెంట్లోనే ఉంటారు. మాట అతనిది, అట్లు నావి. వాళ్ళను రమ్మనే ముందు నన్నెప్పుడూ అడగలేదు. అతనికి ఇక్కడ కాలేజీలో సీటొచ్చినప్పుడూ అంతే, టికెట్లు కొన్నాక చెప్పాడు. బందరులో నా లెక్చరర్ ఉద్యోగం మానేయాలన్న సంగతైతే అత్తగారు చెప్పింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నాకు అన్నీ చెబుతూనే ఉన్నారు, పాపం.

మూడేళ్ళుగా మాల్‌లో సెక్యూరిటీ గార్డుగా నిలబడుతున్నాను. బ్యాంకుల నగదు మోసే వ్యానులో గార్డు పని ఉంది, పిస్టల్ లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇస్తామంది మా కంపెనీ. ముందు సేఫ్టీ కోర్సు, పరీక్ష, ఆ లైసెన్సు. తర్వాత షూటింగ్ రేంజ్‌లో కాల్చి గురి చూపించాలి. అప్పుడే పిస్టల్ నడుముకు కట్టుకునే పర్మిట్. "పర్సులో దాచుకుని తిరుగుతావా?" అన్నాడు యోగానంద్. దాచుకోనివ్వరు, పైకి కనబడాలి అన్నాను. ఆ మాట అంటుంటే నాకే ఎందుకో బాగుంది.

రాతపరీక్షలో తొంభై ఆరొచ్చాయి. రెండోది చేత్తో చేసి చూపించేది. బల్ల మీద కాల్చడానికి పనికిరాని పిస్టల్ పెట్టారు. నాన్న దర్జీ. రోజూ కత్తెరను కళ్ళకద్దుకుని గానీ గుడ్డ ముట్టుకునేవాడు కాదు. నా చెయ్యి నన్నడక్కుండానే పిస్టల్‌ని కళ్ళ దాకా తీసుకుపోయింది. గొట్టం నా నుదుటికేసి ఉంది. "స్టాప్" అన్నాడు పరీక్షకుడు. అక్కడితో ఆ పరీక్ష అయిపోయింది.

ఆ శనివారం అందరూ కిందికెళ్ళాక తేజశ్రీ ఒక్కతే గిన్నెలు తుడవడానికి ఆగింది. కర్నూలు పిల్ల, వచ్చి పది రోజులైంది.

"మళ్లా రాస్తారా అక్కా?"

"రాయాలనే ఉంది. చెయ్యి మాట వినడం లేదే."

ఆ పిల్ల అప్పడాల కర్ర తీసి నా ముందు పెట్టింది. "ఇదే తుపాకీ అనుకోండి. పైకి లేపితే నేను అరుస్తా."

రెండు వారాలు వంటింట్లో అదే చదువు. కొస గోడవైపు, వేలు పక్కకి, లోపల గుండు లేదని కళ్ళతో చూసుకోవడం. ఆ పిల్ల నిజంగానే అరిచేది. ఇంట్లో ఒకరు నాకోసం ఇంత శ్రద్ధగా కూర్చోవడం ఇదే మొదలు.

రెండోసారి పాసయ్యాను. ఇక లైసెన్సుకి అప్లికేషన్ పంపాలి. అందులో జీవిత భాగస్వామి సంతకానికో గడి ఉంది.

యోగానంద్ చదివి పక్కన పెట్టాడు. "నేను పెట్టను. ఆ వేషం నీకెందుకు? పెట్టకపోతే అదే ఆగిపోతుంది."

పన్నెండేళ్ళ అలవాటు, ఆగిపోతుందనే నేనూ నమ్మాను. రెండు రోజులు ఏడుపు మింగుకుంటూ అట్లు వేశాను. మూడో రోజు మాల్‌లో బ్రేక్‌లో లైసెన్సు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒకావిడ తీరిగ్గా చెప్పింది: అది అనుమతి కాదు. ఆయనకేదైనా భయముంటే చెప్పుకోవడానికి. సంతకం లేకపోతే గడి ఖాళీగా వదిలేసి, ఆయన ఫోన్ నంబరు రాయండి. మీరు అప్లై చేశారని మేమే తెలియజేస్తాం.

"ఆయన వద్దంటే?"

"కారణం అడుగుతాం. ఊరికే వద్దనడం కారణం కాదు కదా."

గడి ఖాళీగా వదిలాను. నంబరు తప్పు లేకుండా రాశాను. కింద సుధామయి అని సంతకం పెట్టి, కవరు అంటించి, మాల్ ముందున్న పోస్టు డబ్బా దగ్గర నిలబడ్డాను. చుట్టూ మంచు. ఈసారి స్టాప్ అనేవాళ్ళు లేరు. కవరుని తనివితీరా కళ్ళకద్దుకుని లోపల వేశాను.

యోగానంద్‌కి చెబుతారు. అడగరు.